రాకెట్టే మెల్లగా లేస్తుంది - మీకెందుకు తొందర?

రాకెట్టు అనగానే మనకు దీపావళి తారాజువ్వ గుర్తుకు వస్తుంది. వత్తికి నిప్పు తగలగానే రివ్వున లేస్తుంది. కన్ను మూసి తెరిచేలోగా ఆకాశంలో ఉంటుంది. మనుషులను మోసుకుపోయే రాకెట్టు కూడా అలాగే ఎగిరిపోతుందని చాలామంది అనుకుంటారు. నిజం అది కాదు. మనిషిని మొట్టమొదట అంతరిక్షానికి తీసుకువెళ్ళిన రాకెట్లు నిండు చూలాలు పీట మీద నుంచి లేచినట్టు, ఆచితూచి, మెల్లగా లేచాయి.

"ఆరోగ్య శీర్షికలో రాకెట్ల గొడవ ఏమిటి డాక్టరుగారూ?" అని మీరు అడగవచ్చు. సంబంధం ఉంది. రాకెట్టు ఎలా లేస్తుంది, అది లేచే వేళ లోపలి మనిషి ఏ భంగిమలో ఉంటాడు అనే రెండు సంగతులూ తెలిస్తే, మన ఇళ్ళలో రోజూ కనిపించే ఒక బాధ సులభంగా అర్థమవుతుంది. అదే లేవగానే కళ్ళు తిరగడం, నిలబడ్డవారు నిలబడ్డట్టే సొమ్మసిల్లి పడిపోవడం.

బరువెంత? బలమెంత?

1961 మే 5న అమెరికా తరఫున మొదట అంతరిక్షానికి వెళ్ళినవాడు అలన్ షెపర్డ్. ఆయన ఎక్కిన రెడ్‌స్టోన్ రాకెట్టు బరువు సుమారు 30 టన్నులు. దాన్ని పైకి నెట్టే బలం సుమారు 35 టన్నులు. అంతకు మూడు వారాల ముందు, ఏప్రిల్ 12న, రష్యావాడు యూరీ గగారిన్‌ను మోసిన వోస్తోక్ రాకెట్టు బరువు సుమారు 287 టన్నులు, దాని బలం సుమారు 400 టన్నులు. 1969లో చంద్రుడి మీదికి మనుషులను పంపిన శాటర్న్ 5 బరువు ఇంచుమించు 2,900 టన్నులు. బలం 3,400 టన్నులకు కాస్త ఎక్కువ.

ఈ లెక్కలో కిటుకు గమనించండి. బలంలో అధిక భాగం బరువును మోయడానికే సరిపోతుంది. పైకి లేపడానికి మిగిలేది కొద్దిపాటి. అందుకే 110 మీటర్ల ఎత్తున్న శాటర్న్ 5 తన పక్కనున్న స్తంభాన్ని దాటడానికి సుమారు 12 సెకన్లు పట్టేది. అంటే సగటున మన వీధిలో స్కూటరు నడిచే వేగం! కానీ అది సెకనుకు 13 టన్నుల ఇంధనాన్ని తాగేస్తుంది. బరువు తగ్గేకొద్దీ వేగం పెరుగుతుంది. లోపలి మనిషి మీద ఒత్తిడి కూడా ఆ వెంటే పెరుగుతుంది.

ఇంకొక విశేషం. శాటర్న్ ఇంజన్లను బయలుదేరడానికి దాదాపు 9 సెకన్ల ముందే వెలిగించేవారు. అయిదు ఇంజన్లూ సరిగా పనిచేస్తున్నాయని తేలేదాకా నాలుగు ఉక్కు చేతులు రాకెట్టును కదలనివ్వకుండా పట్టుకునేవి. వదిలిన తరువాత కూడా మొదటి కొన్ని అంగుళాలు ఒక్కసారిగా ఎగరకుండా లోహపు మేకులు దాన్ని నిలవరించేవి. రష్యా రాకెట్టు పద్ధతి వేరు. అది నేల మీద నిలబడదు. నాలుగు చేతులు నడుము దగ్గర పట్టుకుంటే వేలాడుతూ ఉంటుంది. బలం బరువును మించగానే మెల్లగా లేస్తుంది. ఆ చేతులు పూరేకుల్లా వెనక్కి వాలిపోతాయి.

బలం సరిపోతుందా లేదా అని చూసుకోనిదే లేవకూడదు. రెండు దేశాలవారూ పాటించిన నియమం ఇదే.

నాలుగంగుళాల ప్రయాణం

ఈ జాగ్రత్తలు ఊరికే రాలేదు. 1960 నవంబరు 21న మనుషులు లేని రెడ్‌స్టోన్‌ను పరీక్షకు వెలిగించారు. అది నాలుగంగుళాలు లేచింది. అంతలో ఇంజను ఆగిపోయి, లేచిన చోటే మళ్ళీ కూర్చుంది. ప్రమాదంలో మనిషిని తప్పించడానికి కొన మీద పెట్టిన చిన్న రాకెట్టు మాత్రం తనొక్కతే ఎగిరిపోయింది. కారణం విడిపోవలసిన రెండు కరెంటు ప్లగ్గులు వరుస తప్పి విడిపోవడం.

1965 డిసెంబరు 12న జెమిని 6లో వాల్టర్ షిరా, థామస్ స్టాఫర్డ్ కూర్చుని ఉన్నారు. ఇంజన్లు వెలిగాయి, ఒకటింబావు సెకను లోపలే ఆరిపోయాయి. గడియారం మాత్రం రాకెట్టు లేచినట్టే తిరగడం మొదలుపెట్టింది. ఆ స్థితిలో పిడి లాగి బయటికి దూకడానికి షిరాకు అధికారం ఉంది. ఆయన లాగలేదు. రాకెట్టు కదల్లేదని ఆయన వీపుకు, నడుముకు తెలుసు. మూడు రోజుల తరువాత అదే రాకెట్టులో ఇద్దరూ క్షేమంగా వెళ్ళివచ్చారు. అక్కడా కారణం ముందుగా ఊడిన ప్లగ్గే!

మన శ్రీహరికోట సంగతి మీలో చాలామంది టీవీలో చూసే ఉంటారు. 2023 అక్టోబరు 21న గగనయాన్ కోసం మనుషులు లేని పరీక్ష రాకెట్టును సిద్ధం చేశారు. సరిగ్గా 5 సెకన్ల ముందు కంప్యూటరు దాన్ని ఆపేసింది. లోపం చూసి, సరిచేసి, ఉదయం 10 గంటలకు వదిలారు. ఆగడం ఓటమి కాదు. ఆగడం కూడా ఆరోగ్య సూత్రమే.

కుర్చీలో కాదు, వెల్లకిలా

ఇప్పుడు లోపలి మనిషి దగ్గరికి వద్దాం. గగారిన్ కానివ్వండి, షెపర్డ్ కానివ్వండి, మన రాకేశ్ శర్మ కానివ్వండి, రాకెట్టు లేచే వేళ ఎవరూ మనం బస్సులో కూర్చున్నట్టు కూర్చోలేదు. వెల్లకిలా పడుకుని, మోకాళ్ళు పైకి మడిచి ఉన్నారు. ఎందుకు?

మనం కూర్చున్నప్పుడు మెదడు గుండెకన్నా ఇంచుమించు 30 సెంటీమీటర్లు ఎత్తున ఉంటుంది. అంత ఎత్తుకు రక్తాన్ని ఎక్కించడానికే గుండె సుమారు 22 మిల్లీమీటర్ల ఒత్తిడి ఖర్చుపెడుతుంది. బి.పి. 120 ఉన్న మనిషికి ఇదొక లెక్క కాదు. కానీ కూర్చున్న మనిషి ఒక్కసారిగా అయిదు రెట్లు బరువెక్కితే, రక్తం కూడా అయిదు రెట్లు బరువెక్కుతుంది. అప్పుడు మెదడు దాకా ఎక్కించడానికే 110 మిల్లీమీటర్లు కావాలి. ఇక మిగిలేదేమిటి? ముందు చూపు మసకబారుతుంది, తరువాత చీకటి కమ్ముతుంది, ఆ వెంటనే స్పృహ పోతుంది. చూపే ముందు ఎందుకు పోతుందంటే, కంటిలోపల కొంత ఒత్తిడి ఎప్పుడూ ఉంటుంది. రక్తం దాన్ని కూడా దాటుకుని వెళ్ళాలి.

అదే మనిషిని వెల్లకిలా పడుకోబెడితే మెదడు, గుండె దాదాపు ఒకే మట్టానికి వస్తాయి. రక్తానికి ఎక్కవలసిన మెట్లు ఉండవు. అప్పుడు కష్టం ఊపిరి పీల్చడం ఒక్కటే. 70 కిలోల మనిషి నాలుగు రెట్ల ఒత్తిడిలో 280 కిలోల బరువవుతాడు. ఛాతీ మీద ఎవరో ఎక్కి కూర్చున్నట్టు ఉంటుంది. అందుకని పొట్టతో ఊపిరి తీయడం ముందే సాధన చేయిస్తారు.

ఆశ్చర్యమేమిటంటే, పెద్ద కుదుపు వస్తుందని ఎదురుచూసిన షెపర్డ్‌కు ఆ లేవడం సాఫీగా తోచింది. నిమిషం దాటాక, వేగం ధ్వని వేగాన్ని అందుకునే వేళకు అసలు కుదుపు మొదలైంది. తల ఎంతగా అదిరిందంటే ఎదురుగా ఉన్న ముళ్ళను చదవలేకపోయాడు. తరువాతి ప్రయాణికుడికి తల కింద మెత్తలు పెంచారు.

పదిహేడు రెట్ల కింద బతికినవాడు

ఈ పడక విలువ ఎంతటిదో ఒక ప్రమాదం తేల్చి చెప్పింది. 1983 సెప్టెంబరు 26న బైకనూరులో వ్లదీమిర్ తితోవ్, గెన్నదీ స్త్రెకలోవ్ ఎక్కిన సోయుజ్ రాకెట్టుకు, బయలుదేరడానికి ఒకటిన్నర నిమిషం ముందు అడుగున నిప్పంటుకుంది. తీగలు కాలిపోయాయి. కింద ఉన్న అధికారులు రేడియో ద్వారా ఆజ్ఞ పంపి, కొన మీది రక్షక రాకెట్టును వెలిగించారు. అది వీళ్ళున్న గదిని లాక్కుని పైకి ఎగిరింది. కొద్ది సెకన్లలో కింది రాకెట్టు పేలి కూలింది.

ఆ అయిదు సెకన్లపాటు వారి ఒంటి మీద పడిన ఒత్తిడి 14 నుంచి 17 రెట్లు. అంటే 70 కిలోల మనిషి పదకొండు క్వింటాళ్ళ పైచిలుకు బరువన్నమాట! నిటారుగా కూర్చుని ఉంటే ఏమయ్యేదో చెప్పనక్కరలేదు. ఒంటికి అచ్చుపోసిన పడకలో వెల్లకిలా ఉన్నారు కనుక, దాదాపు నాలుగు కిలోమీటర్ల దూరంలో పారాచూట్‌తో దిగి ప్రాణాలతో బయటపడ్డారు.

ఆ స్త్రెకలోవే ఆరు నెలలు దాటిన కొద్ది రోజులకే, 1984 ఏప్రిల్ 3న, మళ్ళీ సోయుజ్ ఎక్కారు. ఈసారి ఆయనతోబాటు ఉన్నవారు యూరీ మాలిషెవ్, మన రాకేశ్ శర్మ. శర్మగారు పుట్టింది పటియాలాలో అయినా పెరిగింది మన హైదరాబాదులోనే. సెయింట్ జార్జెస్ గ్రామర్ స్కూల్లో, నిజాం కాలేజీలో చదువుకున్నారు. కిందటిసారి అంతటి గండం గడిచి వచ్చిన మనిషి ఉన్న గదిలోనే, అలాంటి పడకలో నిశ్చింతగా పడుకోవడం సామాన్యమైన గుండె నిబ్బరం కాదు.

గుండె దడ అందరికీ ఉంటుంది

అంతటి ధీరులకు గుండె దడ ఉండదనుకోకండి. బయలుదేరడానికి అరగంట ముందు గగారిన్ నాడి నిమిషానికి 64. రాకెట్టు లేచినప్పుడు 157! షెపర్డ్ నాడి 80 నుంచి 126కు పెరిగింది. చంద్రుడి మీదికి బయలుదేరినప్పుడు ఆర్మ్‌స్ట్రాంగ్ నాడి 110.

కనుక పరీక్ష హాలులోనో, ఇంటర్వ్యూ గది ముందో, పెళ్ళిచూపుల్లోనో గుండె దడదడలాడితే గుండెజబ్బు వచ్చిందని బెంబేలు పడనవసరం లేదు. ఆ సందర్భం గడిచాక దడ తగ్గిపోవాలి. ఊరికే కూర్చున్నా నాడి నూరు దాటి ఉంటే, లయ తప్పి కొట్టుకుంటే, దడతోబాటు ఆయాసం, ఛాతీ నొప్పి, కళ్ళు తిరగడం ఉంటే మాత్రం డాక్టరుకు చూపించి, ఇ.సి.జి. తీయించుకోవాలి.

దుండిగల్ పైలట్ల కిటుకు

మా సూరారం వారికి విమానాల మోత కొత్త కాదు. పక్కనే దుండిగల్‌లో వైమానిక దళ అకాడమీ ఉంది. యుద్ధ విమానం నడిపే పైలట్‌కు పడుకునే వీలు లేదు. కూర్చునే నడపాలి. విమానం గిరుక్కున తిరిగినప్పుడు రక్తం కాళ్ళలోకి దిగిపోతుంది. అందుకని వారు పిక్కలు, తొడలు, పొట్ట గట్టిగా బిగించడం నేర్చుకుంటారు. కాళ్ళను, పొట్టను గాలితో నొక్కే ప్రత్యేకమైన దుస్తులు కూడా వేసుకుంటారు. పిండిన రక్తం గుండెకు తిరిగి చేరుతుంది, మెదడుకు అందుతుంది.

పడుకోవడం ఒకటి, పిక్కలు బిగించడం ఒకటి. ఈ రెండూ ఖర్చు లేని వైద్యాలు. మన ఇంట్లో కూడా పనికివస్తాయి.

మన ఇంట్లో రాకెట్టు

మా దగ్గరికి వచ్చే పెద్దవయసువారిలో చాలామంది చెప్పే మాట ఇది: "పొద్దుగాల లేవంగనే కండ్లకు చీకట్లొచ్చినయ్ సారూ. చక్కరొచ్చి పడ్డ." మా ప్రాంతంలో చక్కరొచ్చిందంటే తల తిరిగిందని అర్థం. చక్కెర వ్యాధి అనుకోకండి!

పడుకున్న మనిషి లేచి నిలబడగానే అర లీటరు నుంచి ముప్పావు లీటరు దాకా రక్తం కాళ్ళలోకి, పొట్టలోకి జారుతుంది. ఆరోగ్యవంతుడి నరాలు రెండు మూడు గుండె చప్పుళ్ళలోనే దాన్ని పసిగట్టి, రక్తనాళాలను బిగించి, బి.పి.ని నిలబెడతాయి. వయసు మళ్ళినవారిలో, చాలాకాలంగా మధుమేహం ఉన్నవారిలో ఈ పని ఆలస్యమవుతుంది. బి.పి. మందులు, ప్రోస్టేటు గ్రంథికి ఇచ్చే కొన్ని మందులు, నిద్రమాత్రలు దాన్ని ఇంకా మందగింపజేస్తాయి. ఏప్రిల్, మే ఎండలకు ఒంట్లో నీరు తగ్గినా, వాంతులు, విరేచనాలు పట్టుకున్నా అంతే. రాత్రి మూత్రానికని గబుక్కున లేచి, చీకట్లో పడి, తుంటి ఎముక విరగ్గొట్టుకున్న పెద్దలను చూసినప్పుడల్లా నాకు అనిపిస్తుంది: మూడు వేల టన్నుల రాకెట్టే చూసుకుని చూసుకుని లేస్తుంటే, ఈ పెద్దాయనకు అంత తొందర ఏమిటని!

కనుక ఈ వరుస పాటించండి.

1. మెలకువ రాగానే లేవకండి. పడుకునే పాదాలను పదిసార్లు పైకీ కిందికీ ఆడించండి.

2. పక్కకు తిరిగి, చేతి ఆనుతో లేచి, మంచం అంచున కాళ్ళు వేలాడేసి ఒకటి రెండు నిమిషాలు కూర్చోండి. ఇంజన్లు వెలిగాయా లేదా చూసుకునే సమయం ఇదే.

3. ఏదైనా పట్టుకుని నిలబడండి. కాసేపు అక్కడే ఆగి, తల తేలికగా లేదని తెలిశాకే అడుగు వేయండి. కళ్ళు తిరిగినట్టుంటే మళ్ళీ కూర్చోండి. ఇందులో నామోషీ లేదు.

4. పెళ్ళిలోనో, క్యూలోనో, బడి ప్రార్థనలోనో చాలాసేపు నిలబడవలసి వస్తే, కాలు మీద కాలు మెలివేసి పిక్కలు, తొడలు బిగించి వదులుతూ ఉండండి. చెమటలు పట్టి, కళ్ళు మసకబారితే వెంటనే కూర్చోండి, వీలుంటే పడుకోండి.

5. ఎండాకాలం నీళ్ళు, మజ్జిగ బాగా తాగండి. గుండె, మూత్రపిండాల జబ్బు ఉండి నీళ్ళు తగ్గించమన్నవారు మాత్రం తమ డాక్టరును అడగాలి.

6. రాత్రిపూట దారిలో చిన్న దీపం ఉంచండి. పెద్దవయసు మగవారు రాత్రి మూత్రానికి వెళ్ళినప్పుడు కూర్చునే పోయడం మంచిది.

7. బి.పి. మాత్రలు మీ అంతట మీరు మానకండి. ఈసారి వెళ్ళినప్పుడు పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి మూడు నిమిషాల లోపల ఒకసారి బి.పి. చూడమని అడగండి. నిలబడ్డప్పుడు పై అంకె 20 కాని, కింది అంకె 10 కాని తగ్గితే మందుల మోతాదు, వేళలు మార్చవలసి రావచ్చు.

పడిపోయిన మనిషిని లేపకండి

మనలో ఒక అలవాటు ఉంది. ఎవరైనా సొమ్మసిల్లి పడగానే నలుగురూ చేరి, చంకల కింద చేతులేసి లేపి, కుర్చీలో కూర్చోబెడతారు. నోట్లో నీళ్ళు పోస్తారు. ఇది మంచి మనసుతో చేసే హాని. సొమ్మసిల్లడం అంటే మెదడుకు రక్తం చాలకపోవడం. నేల మీద పడగానే మెదడు, గుండె ఒకే మట్టానికి వచ్చి రక్తం అందడం మొదలవుతుంది. ప్రకృతే రోగిని వ్యోమగామి పడకలో పడుకోబెట్టిందన్నమాట! మనం లేపి కూర్చోబెట్టి, ఆ వైద్యాన్ని చెడగొడుతున్నాం.

చేయవలసింది ఇది. ముందు పిలిచి, తట్టి, ఊపిరి తీస్తున్నాడో లేదో చూడండి. ఊపిరి మామూలుగా ఉంటే వెల్లకిలా పడుకోబెట్టి, దెబ్బలు లేకపోతే కాళ్ళ కింద దిండ్లు పెట్టి ఒక అడుగు ఎత్తుగా ఉంచండి. బిగుతు బట్టలు వదులు చేయండి. గాలి రానివ్వండి. పూర్తిగా తెలివి వచ్చేదాకా నోట్లో ఏమీ పోయకండి. నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం. వాంతి అయ్యేట్టుంటే పక్కకు తిప్పండి. నెలలు నిండిన గర్భిణిని ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. తెలివి వచ్చాక కూడా పది పదిహేను నిమిషాలు పడుకోనిచ్చి, మెల్లగా లేపండి.

ఒక్క మినహాయింపు మరవకండి. స్పృహలో ఉండి, ఆయాసపడుతున్న ఉబ్బసం రోగిని, గుండెజబ్బు రోగిని వెల్లకిలా పడుకోబెట్టకూడదు. వారికి దిండ్లు ఆనించి కూర్చోబెడితేనే ఊపిరి ఆడుతుంది.

ఈ లక్షణాలు ఉంటే ఆలస్యం చేయక 108కి ఫోను చేయండి: ఒకటి రెండు నిమిషాల్లో తెలివి రాకపోవడం, ఛాతీ నొప్పి, పరుగెత్తుతుండగానో బరువు మోస్తుండగానో పడిపోవడం, మూతి వంకరపోవడం, మాట తడబడడం, కాలో చెయ్యో పడిపోవడం, తలకు దెబ్బ తగలడం, మలం నల్లగా పోవడం. మనిషి పలక్క, ఊపిరి కూడా తీయకపోతే 108కి చెబుతూనే ఛాతీ నడుమ రెండు చేతులతో గట్టిగా, వేగంగా నొక్కడం మొదలుపెట్టి, సహాయం వచ్చేదాకా ఆపకండి. కుటుంబంలో చిన్నవయసులో హఠాత్తుగా మరణించినవారు ఉంటే, ఒక్కసారి సొమ్మసిల్లినా గుండె పరీక్ష చేయించుకోవాలి.

రేపు తెల్లవారి మెలకువ రాగానే మంచం మీది నుంచి ఒక్క ఉదుటున దూకకండి. ముందు పాదాలు ఆడించి, తరువాత కూర్చుని, ఆ పైన నిలబడండి. మీ ఇంట్లో పెద్దలుంటే ఈ మూడు మెట్లూ దగ్గరుండి వారికి అలవాటు చేయించండి. ఖర్చు రెండు నిమిషాలు. మిగిలేది ఒక తుంటి ఎముక.